కిటికీ తెరిచి రాసిన వాక్యం

"తప్పు రాశారు, అంతే! డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఏ కాలం ఏదో కలగాపులగమైపోయి ఉంటుంది" అన్నాడు కోహెయ్, అన్నం గిన్నె కింద పెట్టి.

"కన్‌జకి టీచరుగారా? రుతువు తప్పు రాయడమా?" అంది భార్య చిగుస, చేతిలో ఉత్తరం వదలకుండా.

ఉత్తరం మొదట ఆనవాయితీగా రాసే రుతువు వాక్యం ఇది: 'కిన్‌మొకుసేయి పూల వాసనకే మెలకువ వచ్చే రోజులు, కుశలమా?' చివరి వాక్యం: 'ఓపిక తగ్గింది. ఇక రాయలేనేమో.' ఎప్పట్లాగే ఈసారీ అడ్రసు రాయలేదు. చిగుసకి ఉత్తరాలు రాయడం నేర్పింది ఆవిడే. జబ్బు చేశాక ఎవరికీ భారం కాకూడదని, ఉత్తరాన దూరంగా ఉన్న హొక్కైడో దీవిలో మేనల్లుడి దగ్గరికి పోతున్నానని చెప్పి, తామంతా ఉండే ఈ మత్సుఎ ఊరు విడిచి ఏడాదైంది.

"హొక్కైడో చలికి ఆ చెట్టు బతకదండీ. అక్టోబరు వచ్చింది, అక్కడి కొండల మీద ఈపాటికి మంచు పడుంటుంది."

"మరి కవరు మీద హొక్కైడోలోని సప్పొరో ముద్ర?"

"ఆవిడ రాసి పంపితే అక్కణ్ణించి మేనల్లుడు పోస్టు చేసుంటాడు. ముద్ర పోస్టాఫీసుది, వాక్యం టీచరుగారిది. కిటికీ తెరిచి కళ్లారా చూడందే కలం పట్టొద్దనేవారు. అబద్ధపు రుతువు ఆవిడ చేతికి రాదు."

అంటూనే చిగుస ఆగిపోయింది. తమ కిటికీలోంచి అదే వాసన వస్తోంది. సరస్సు ఒడ్డున ఆసుపత్రి గోడ పొడుగునా ఆ చెట్లే.

"పిచ్చా నీకు? ఎక్కడికే?" అని కోహెయ్ అరుస్తుండగానే సైకిలెక్కింది.

ఆసుపత్రిలో టీచరుగారి పేరు చెప్పగానే నర్సు రెండో అంతస్తులో చివరి గది చూపించింది. చిక్కి సగమైన టీచరుగారు దిండుకి ఆనుకుని ఉన్నారు. చిగుస గుమ్మంలోనే వంగి నమస్కరించింది. ఊరు దాచారు, అడ్రసు దాచారు, రుతువుని మాత్రం దాచలేకపోయారు. ఇంత నిజమైన మనిషి కూడా ఉంటుందా అని కళ్లు నిండాయి.

"క్షమించండి టీచరుగారూ. మీరు పొరపాటున రాసిన పూల మాట పట్టుకుని వచ్చేశాను."

"పొరపాటా?" ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "వెళ్లిపోయానని చెప్పి మళ్లీ రమ్మని ఎలా రాయను? అందుకే జూన్ ఉత్తరంలోనే ముసురు పట్టిందని రాశాను. హొక్కైడోలో ముసురుకాలం ఎక్కడేడ్చిందే? నాలుగు నెలలుగా పిలుస్తుంటే, ఇప్పుడా రావడం!"