అంతకుముందు ఒకరు

“ప్రిసిడెంట్ దొరికిందమ్మా, ఇక భయపడకు,” అనేసి లాయరమ్మ గబగబా కోర్టు హాల్లోకి వెళ్ళిపోయింది.

దొరికిందేమిటో అర్థం కాక ఆపరేటరమ్మ వరండా బెంచీ మీద బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

ఆమెకు చూపు లేదు. ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగం. గొంతు వింటే చాలు, మనిషి గుట్టంతా చెప్పేస్తానని ఆమెకు కాస్త గొప్ప.

భర్త పోయాక బావగారు కేసు వేశాడు. గుడ్డిది పిల్లనెలా పెంచుతుంది, నాలుగేళ్ళ పాపను నాకివ్వండి అని.

ఈరోజే తీర్పు.

పక్కన ఎవరో దగ్గారు. ఉండబట్టలేక అడిగేసింది.

“ప్రిసిడెంట్ అంటే ఏమిటండీ?”

“చెల్లికి బొమ్మ కొంటే అక్క నాకూ కొనమని పేచీ పెడుతుంది చూడు, అదే,” అన్నాడు ఒక ముసలాయన. “ఇలాంటి కేసులో ఇదివరకు ఒకరికి ఇలా తీర్పిచ్చారు కదా, మాకూ అలాగే ఇవ్వండని అడగడం.”

అంత కంగారులోనూ ఆమెకు నవ్వొచ్చింది.

“మీకూ కేసుందా బాబాయిగారూ?”

“ఒకప్పుడు ఉండేది. గెలిచాను కూడా. ఇవాళ నీ కేసు ఊరికే విందామని వచ్చా. పాప ఎలా ఉంటుంది తల్లీ?”

“నా చేతులకు తెలిసినంతే. ఉంగరాల జుట్టు. జడ వేయబోతే ఒక్కచోట కూర్చోదు.”

“అదృష్టవంతురాలివి,” అన్నాడాయన.

అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

లాయరమ్మ పాత తీర్పు చదివి వినిపించింది. చూపు లేని ఓ తండ్రి, కూతురి కోసం పై కోర్టు దాకా వెళ్ళాడట. చూపు లేదన్న ఒక్క కారణంతో బిడ్డను వేరు చేయకూడదని అక్కడ తేల్చారట. తేలేసరికి పిల్ల పెద్దదైపోయిందట. తండ్రెవరో తనకు తెలియదు, రానందట.

“ఆ తీర్పు ప్రకారం పాప తల్లి దగ్గరే ఉంటుంది,” అన్నారు జడ్జిగారు.

ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధార కట్టాయి. ఆ తండ్రెవరో గానీ, కనిపిస్తే కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

కోర్టువాళ్ళు అప్పగించిన పాపను చంకనేసుకుని, బాబాయిగారికి శుభవార్త చెబుదామని బయటికొచ్చింది. బెంచీ తడిమింది. ఖాళీ.

“ఇక్కడ ఒక పెద్దాయన కూర్చున్నారు, వెళ్ళిపోయారా?” అని బంట్రోతును అడిగింది.

“తలుపు దగ్గర నిలబడి తీర్పంతా విని, ఇప్పుడే వెళ్ళారమ్మా. మెట్లు దింపుతానంటే వద్దన్నారు గానీ, పాపం, ఆయనకూ మీలాగే చూపు లేదు.”