జిలుగు వెనక మొదటి అడుగు

మీరేం చూశారో ముందు చెప్పండి. తేనెపట్టు మీద ఒక ఈగ నడుమూపుతూ తిరగడం, అంతేగా? అది ఉత్త ఆట కాదండీ! అలా ఎటు నడిస్తే అటు పూలున్నాయని అర్థం. వెనక నలుగురు నడిస్తేనే ఆ నాట్యం పనికొచ్చినట్టు.

ఆ పట్టులోకి రెండు రోజులుగా తేనె చుక్క రాలేదు. గదుల్లో పిల్లలు ఆకలికి అల్లాడుతున్నాయి. నాట్యం కొత్తగా నేర్చిన జిలుగు అనే పడుచు ఈగ, వాగు అవతల కానుగ పూత చూసి వచ్చి ఆడింది. ఒక్కరూ కదల్లేదు.

"ఇదివరకు ఎవరికి దారి చూపించావే?" అంది మేతకెళ్లే ఈగల పెద్ద.

"ఎవరికీ లేదక్కా."

"అయితే ఎవరికైనా చూపించి రా."

"ఎవరైనా వెనక నడిస్తే కదక్కా చూపించేది!"

అందరూ నవ్వారు. అప్పుడు రెక్కలంచులు చిరిగిన ఒక ముసలి ఈగ వచ్చి జిలుగు వెనక నిలబడింది.

"నా దారి తప్పైతే, అవ్వా?"

"ఇద్దరం కలిసి తప్పిపోదాం. ఆడవే!"

ఆడింది. అవ్వ అడుగులో అడుగు వేసింది. అవ్వ వెనక ఒకటి, మూడు, ముప్పై! చూస్తుండగానే పట్టంతా అలలా కదిలి గాల్లోకి లేచింది. వాగు అవతల కానుగ చెట్టు చెట్టంతా ఝుమ్మని మోగింది. నా ఒళ్లు గగుర్పొడిచింది.

ఎంత బాగా నేర్చినా, వెనక ఒక్కరూ లేక ఆగిపోయినవాళ్లను ఎందరినో చూశాను. మీరు ఎవరి వెనకైనా ఆ మొదటి అడుగు వేశారా?