ఎవరి చోట వాళ్లు

“నిఖిల్, లే. పోయి భాగ్యశ్రీ పక్కన కూసో.”

ప్రవళిక వాడి చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి కిటికీ కింద కూర్చోబెట్టింది. పళ్లెం ముందు పెట్టింది. గుడ్ల గిన్నె తెచ్చేసరికి ఆ పళ్లెం అక్కడ లేదు. నిఖిల్ దాన్ని రెండు చేతులతో పట్టుకొని తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు.

అంగన్‌వాడీలో పద్దెనిమిది మంది పిల్లలు. అన్నం వేళకు కిటికీ కింద ఎస్సీ కాలనీ పిల్లలు, తర్వాత తండా పిల్లలు, ఆ తర్వాత గొల్లల పిల్లలు, చివర తలుపు దగ్గర రెడ్ల పిల్లలు. ఎవరో గీత గీసి పెట్టినట్టు.

“ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు!” ప్రవళిక గొంతు పెరిగింది.

“రోజూ నువ్వు జరుపుడు, గాళ్లు మల్ల పోవుడు,” అంది ఆయా లింగమ్మ. “అన్నం సల్లగైతంది. తిననియ్యరాదు టీచరమ్మా.”

ప్రవళిక గొర్ల కాపరి కాటయ్య బిడ్డ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఉద్యోగంలో చేరిన వారంలోనే ‘పిల్లలందరూ సమానం’ అని చార్టు రాసి గోడకు అంటించింది. సూర్యాపేట మీటింగులో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, బీసీలెందరు అనే లెక్కలతో నెలాఖరు రిపోర్టు అందరికంటే ముందు, ఒక్క కొట్టివేత లేకుండా ఇచ్చేది ఆమే. ఇదొక్కటే రెండు నెలలుగా లొంగడం లేదు. పాట పాడించి కలిపింది. రంగు చీటీలు పంచి కలిపింది. ఆడుకునేటప్పుడు అందరూ ఒకరి మీద ఒకరు పడి దొర్లుతారు. పళ్లెం చేతికి వస్తే చాలు, మళ్లీ అదే వరుస.

బిడ్డను తీసుకుపోవడానికి వచ్చిన భాగ్యశ్రీ తల్లి కౌసల్య గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది.

“రేపు మారుతది, ఎల్లుండి మారుతది అనుకున్న టీచర్. నా చిన్నప్పుడు బడిల మమ్మల్ని గిట్లనే ఓ పక్కకు కూసోవెట్టిన్రు. నా బిడ్డకు గూడ గదేనా?”

“నేను కూసోవెడ్తున్ననా అక్కా? ఇండ్లల్ల నేర్పి పంపుతున్నరు.”

“ఎవరు నేర్పితేంది? రేపు అన్నం టైంకు వస్త. గట్లనే ఉంటే ఇగ పంప.”

“మిషన్ కుట్టుకుంట దాన్నెట్ల సూస్తవ్? ఇప్పుడిప్పుడే నోరు విప్పి పాటలు పాడుతుంది గద!”

“ఇంట్లనే పాడుకుంటది.”

సాయంత్రం ప్రవళిక నేరుగా నిఖిల్ ఇంటికి పోయింది. తండ్రి శ్రీనివాస్ రెడ్డి వాకిట్లో బండి కడుగుతున్నాడు. ఒకప్పుడు కాటయ్య ఇదే వాకిట్లో ‘పటేలా’ అని పిలిచి నిలబడేవాడు. ప్రవళిక కుర్చీ లాక్కొని కూర్చుంది.

“పిల్లగానికి ఏం చెప్పి పంపుతున్నరు సార్?”

“ఏం చెప్త? లొల్లి చెయ్యకురా అని చెప్త.”

“కాలనీ పిల్లల పక్కన కూసోవద్దని చెప్తలేరా?”

శ్రీనివాస్ పైపు కింద పడేశాడు. “ఏం మాట్లాడుతున్నవ్ ప్రవళికా? గట్ల చెప్పేటోన్నైతే నీ సెంటర్‌కు ఎందుకు పంపుత?”

లోపలి నుంచి సరోజ వచ్చింది. ఆమెది కోదాడ. “ప్లేస్కూల్ బస్సు మా గుమ్మం ముందే ఆగుద్ది. మా అమ్మావాళ్లు దాన్లో పంపమని ఒకటే గొడవ. అయినా నీ మీద నమ్మకంతో నీ దగ్గరికే పంపుతున్నాం. ఇంత మాటంటావా?”

“తరతరాల నుంచి ఉన్నదే గద మేడం. మీరు చెప్పకుంటే గానికెట్ల తెలుస్తది?”

“వాడిక్కడే ఉన్నాడుగా. వాణ్నే అడుగు.”

నిఖిల్ పైపు నీళ్లలో తపతపమని గెంతుతున్నాడు.

“పిల్లగాన్ని అడుగుడేంది? మారాల్సింది పెద్దోళ్లు,” అని ప్రవళిక లేచి వచ్చేసింది.

మర్నాడు హాజరు, పాటలు, ఆటలు అయ్యాక, చాక్‌పీస్‌తో గది నిండా పెద్ద సున్నా గీసింది. “ఇయ్యాల గోడ లేదు, మూల లేదు. సున్నా చుట్టూ కూసోండ్రి!”

పిల్లలు కేరింతలతో వచ్చి కూర్చున్నారు. కాలనీ పిల్లలు, తండా పిల్లలు, గొల్లల పిల్లలు, రెడ్ల పిల్లలు. సున్నా తిరిగింది గానీ వరుస తిరగలేదు. నిఖిల్‌కూ భాగ్యశ్రీకీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ.

గడపలో కౌసల్య. కుట్టు దారం ఇంకా ఆమె చీరకు అంటుకొని ఉంది.

“సూసిన టీచర్. దా బిడ్డా, పోదాం.”

“ఆగక్కా! నేను జెయ్యని ప్రయత్నం లేదు. ఇండ్ల మీదికి పోయి కొట్లాడొచ్చిన. ఈ ఊరు మారకుంటే నేనేం జెయ్యాలె?” ప్రవళికకు ఏడుపు ఆగలేదు.

కౌసల్య బిడ్డ చెయ్యి వదలకుండానే నిఖిల్ ముందు గొంతుక్కూర్చుంది.

“బాబూ, భాగ్యశ్రీ పక్కన ఎందుకు కూసుంటలేవ్? ఇంట్ల వద్దన్నరా?”

“ఊహూ.”

“మరెవరు వద్దన్నరు?”

“టీచర్.”

“నేనా!” ప్రవళిక కళ్లు తుడుచుకుంది. “నేనెప్పుడన్నరా?”

“పొద్దుగాల పేర్లు పిలుస్తవ్ గద,” అన్నాడు వాడు, అంత పెద్ద టీచర్‌కు ఇది కూడా తెలియదా అన్నట్టు. “పిలిచినట్టే లైన్ల కూసోమంటవ్. ఫస్టు భాగ్యశ్రీ. నేను ఆఖరు.”

“ఎప్పుడు కూసున్నా గదే జాగ. జాగ మారితే లెక్క తప్పుతదంటవ్,” అని పక్కన కూర్చున్న గోపిక అందించింది.



కౌసల్య లేచి టేబుల్ మీది హాజరు రిజిస్టరు తెరిచింది. వేలు పెట్టి పైనుంచి కిందికి, ఒక్కో పేరూ చదువుకుంటూ పోయింది. తర్వాత దాన్ని మెల్లగా ప్రవళిక వైపు తిప్పింది.

పేర్లన్నీ కులాల వారీగా, ప్రవళిక చేతిరాతలోనే ఉన్నాయి.