అరవై రెండు దెయ్యాలు

అరవై రెండు దెయ్యాలూ చూస్తుండగానే తెల్లగా పాలిపోయాయి.

వాటిని చూసి కోరల మేస్త్రి ముఖం కూడా అలాగే అయింది.

బొటనవేలంత బొమ్మలు. ఎనిమిది నెలల పని. ఒలిచిన చర్మాలు, వేలాడే పేగులు, కుట్టేసిన నోళ్లు. రక్తపు చుక్క తడిగా మెరవాలని ఒక్కోదాని మీదా గంటలు కూర్చున్నాడు. పగలు కట్టుడుపళ్లు తయారుచేసే మనిషి కావడంతో కోరలు మరీ నిజంగా వచ్చేవి. చూసినవాళ్లు తమ పళ్లు ఓసారి తడుముకునేవారు. ఆయనకా పేరు అలా వచ్చింది.

మర్నాడే ఈ బొమ్మల షాపులో ఫైనల్. బల్ల మీద సైన్యాలు నిలబెట్టి, పాచికలు వేసి ఆడే యుద్ధం. రంగు సరిగా లేని సైన్యం బల్లెక్కకూడదు, అదీ నియమం.

మూడేళ్లుగా ఫైనల్ దాకా వచ్చి ఓడిపోతున్నాడు. ఈసారి ఓడిపోయే అవకాశం కూడా పోయింది.

“రంగు మీద కొట్టడానికి ఏం స్ప్రే అమ్మావన్నా నాకు? వార్నిషా, సున్నమా?” అని షాపాయన మీద విరుచుకుపడ్డాడు.

“ముసురులో కొట్టొద్దని డబ్బా మీదే రాసుంది కదా మేస్త్రీ.”

“అంటే తప్పు నాదేనంటావ్!”

ఒక దెయ్యాన్ని నీళ్లలో ముంచాడు. రంగు కనబడింది. ఆరింది. మళ్లీ తెల్లబడింది.

డబ్బా తయారుచేసినవాళ్లను ఫోనులో దులిపేయడానికి వీధిలోకి వెళ్లాడు. అరగంట దులిపాడు. అవతల వింటున్నది రికార్డు చేసిన గొంతు అని చివర్లో తెలిసింది.

ఆ కోపంతోనే లోపలికొచ్చాడు.

ఆయన కుర్చీలో ఎవరో పెద్దావిడ కూర్చునుంది. నెరిసిన జుట్టు, తడిసిన చెప్పులు, ఒళ్లో గుడ్డ సంచి. ఒక చేతిలో ఆయన కుంచె. ఇంకో చేతిలో దెయ్యాల రాజు. ముందు బల్ల మీద, మూతలో నూనె.

“ఏయ్! ఎవరు నువ్వు? ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?”

“కంగారుపడకు బాబూ. రంగు లోపల పదిలంగానే ఉంది. పైపూతకు తేమ పట్టిందంతే. పల్చగా నూనె రాసి, ఒక పూట వదిలేసి, తుడిచేస్తే...”

“నూనె రాస్తావా? ఇవేమన్నా తలుపు బందులనుకున్నావా?”

“తొమ్మిది బొమ్మలకు రాశాను. చూడు, ఎరుపు ఎలా తేలిందో.”

“నీళ్లు పోసినా తేలింది! ఆరితే మళ్లీ సున్నమే. ఇవ్వు ఇటు!”

లాక్కున్నాడు. రాజుగారి కొమ్ము పుటుక్కున విరిగింది.

విరిచింది తనే. ఆ సంగతి తెలిసేసరికి ఇంకా మండింది.

“విరిచేశావు కదా! తృప్తిగా ఉందా? అన్నా, ఈవిడకి నూనె ఎవరిచ్చారు?”

“అడిగింది. వెనక మా వంటగదిలో ఉంటే ఇచ్చాను,” అన్నాడు షాపాయన నీళ్లు నములుతూ.

“బాబూ, నేను రేపు...”

“రేపూ వద్దు, ఎల్లుండీ వద్దు! ముందు లే!”

ఆవిడ సంచి తీసుకెళ్లి గుమ్మం బయట మెట్ల మీద పెట్టాడు.

“పెద్దావిడ కదా మేస్త్రీ, కాస్త...”

“ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకో.”

షాపాయన తేల్చుకున్నాడు. పాత ఖాతాదారుడు పాత ఖాతాదారుడే.

“వెళ్లండమ్మా. ఈ రెండ్రోజులూ ఇటు రాకండి.”

ఆవిడ లేచింది. కుంచె శుభ్రంగా తుడిచింది. వేళ్లతో మొన సరిచేసి, గ్లాసులో నిలబెట్టింది.

“రాజు మోకాలి వెనక ఇంకా తెల్లగానే ఉంది బాబూ. అక్కడ కూడా రాయి,” అని మెట్లు దిగింది.

“సలహాలకేం తక్కువ లేదు!” అని మేస్త్రి తలుపు వేశాడు.

సాయంత్రానికి ఆ తొమ్మిదీ ఆరాయి. తెల్లబడలేదు.

తుడిచి చూశాడు. ఎరుపు ఎరుపుగానే ఉంది. కోరల మొదట్లో వేసిన పసుపు కూడా అలాగే ఉంది.

ఎవరూ చూడకుండా వంటగదిలోంచి నూనె సీసా తెచ్చుకున్నాడు. మిగతా యాభై మూడింటికీ రాశాడు. రాజు మోకాలి వెనక కూడా రాశాడు. కొమ్ము అతికించాడు.

సిగ్గేసింది. కానీ సిగ్గును కూడా కోపం కింద మార్చుకోగల మనిషి ఆయన. “చెప్పడానికో పద్ధతుంటుంది. అడక్కుండా ముట్టుకుంటే ఎవరికి మండదు?” అని దెయ్యాలకే చెప్పుకున్నాడు.

మర్నాడు పదింటికి సైన్యం బల్లెక్కింది. పోటీ చూడ్డానికి వచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు.

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ కుర్చీలో కూర్చోవాల్సింది ఎవరో ఇక్కడెవరికీ తెలియదు. వేరే ఊళ్లో జరిగిన పోటీల్లో అందర్నీ ఓడించి వస్తున్నట్టు తెలుసు. షాపాయన దగ్గర ఉన్నది ఒక ఫోను నంబరు మాత్రమే.

పదిన్నరైంది.

“నా దెయ్యాల సంగతి విని జడుసుకునుంటాడు!” అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు.

పదకొండైంది. నియమం ప్రకారం కప్పు మేస్త్రిదే.

చప్పట్ల మధ్య కప్పు అందుకున్నాడు. అప్పుడెందుకో ఆ నెరిసిన జుట్టు కళ్ల ముందు మెదిలింది. ఒక్క మాట మంచిగా చెప్పి ఉండాల్సింది అనిపించింది.

ఫోను చేయడానికి బయటికెళ్లిన షాపాయన తలొంచుకుని తిరిగొచ్చాడు.

“అన్నా, నిన్నటి పెద్దావిడ ఎక్కడుంటుందో కనుక్కో. ఓసారి కలవాలి.”

“ఇప్పుడే మాట్లాడాను. నిన్న సాయంత్రం బస్సుకే వెళ్లిపోయిందట.”

“ఆవిడ నంబరు నీ దగ్గరెక్కడిది?”

షాపాయన ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

“ఇవాళ మీతో ఆడాల్సింది ఆవిడే మేస్త్రీ.”