ఖాళీగా నడిపిన గొట్టం

గొట్టంలో ఉత్ప్రేరకం పొడి వెయ్యకపోయినా తారులాంటి ముడిచమురు పల్చబడే వచ్చింది. కుల్యాష్ గాజు బుడ్డిని వెలుతురుకు పట్టి చూసి నేల మీద కూలబడింది. చమురును తేలిక చేసేది తన పొడేనని ఎల్లుండి సభలో నిరూపిస్తేనే డాక్టరేట్.

"పొడి లేకుండా నడపమని ఎవరన్నారు? కొరివితో తల గోక్కున్నావు," అన్నాడు గురువు సాపర్‌గలి, చాయ్ గిన్నె అందిస్తూ.

"మీరే కదా అగాయ్, సరిచూడందే నమ్మొద్దన్నది."

"గురువులు సవాలక్ష అంటారు. అన్నీ వింటారా?"

ఆమె నవ్వలేదు. "పని చేసేది నా పొడి కాదు, ఈ పాత ఉక్కు గొట్టం. ఏళ్ల తరబడి చమురులోని నికెల్ దీని లోపలి గోడకు పట్టేసింది, పల్చబరిచేది అదే. ఇంక నా దగ్గరేముంది? మా ఊరు దొస్సోర్ పోయి అమ్మతో ఒంటెపాలు పితుక్కుంటాను."

"ఒంటె నిన్ను దగ్గరికి రానివ్వద్దూ? కొత్త గొట్టంలో పొడి వేసి చూశావా?"

"చూశాను. తారు తారులాగే ఉంది."

సాపర్‌గలి పాత గొట్టాన్ని అరచేత్తో నెమ్మదిగా తడిమాడు.

"సభలో ఇదంతా చెప్పు," అన్నాడు. "నీ పొడితో కాదు, నా పొడితో మొదలుపెట్టు. నాకు పతకం తెచ్చిన పొడి ప్రయోగాలన్నీ ఈ గొట్టంలోనే చేశాను."