కొలెట్ల పెట్టె

"లేత్ చక్ చూశాను, ఇరుసు తిప్పి చూశాను. ఇంక చూసేదేముంది మేస్త్రీ! బండి పిలిపించేస్తాను," అంటూ గడియారాలు బాగుచేసే మనిషి ఫోను తీశాడు.

ముప్పై ఏళ్ళుగా లేత్ పనిచేసే టర్నర్ కిటికీ వైపు చూశాడు.

కిటికీ కింద బల్లకి బిగించిన ఇనప ముక్కల్ని తిప్పి చెక్కే ఆ బుల్లి లేత్ పొడవు మూరన్నర ఉంటుందేమో. ఇన్నేళ్ళూ ఆ ఇంటిని నిలబెట్టింది అదే. మూడు నెలల కిందట కళ్ళద్దాలు నుదుటిమీదకి నెట్టుకుని పనిచేస్తూంటే ఉక్కు రజను ఎగిరి కంట్లో పడింది. ఆసుపత్రి మంచం మీద భార్య చెయ్యి పట్టుకుని, "ఇంక దాన్ని ముట్టుకుంటే ఒట్టు, అమ్మేద్దాం," అన్నాడు. ఎవరూ అడగలేదు. భయంలో నోరుజారాడు, అంతే. కన్ను నయమైంది, మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఆవిడ ఆ మాట పట్టుకుని నలుగురినీ వాకబు చేసి, ఈ గడియారాల మనిషిని వెతికి పట్టుకుంది. ఇప్పుడు కాదనడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

అందుకని పొద్దున్నే దొంగతనం చేశాడు, తన ఇంట్లోనే.

సన్నటి కడ్డీని వణుకు లేకుండా బిగించి పట్టే ఉక్కు గొట్టాన్ని కొలెట్ అంటారు. ఒక్కో మందానికి ఒక్కోటి ఉండాలి. ఈ లేత్‌కి సరిపోయేవి ఇప్పుడు బజారులో దొరకడం లేదు. "కొలెట్లన్నీ ఉంటేనే నాకు, ఒక్కటి తగ్గినా వద్దు," అని గడియారాల మనిషి ఫోనులో ముందే చెప్పాడు. ఆ మాట వినగానే టర్నర్‌కి ప్రాణం లేచొచ్చింది. కొలెట్ల పెట్టెలోంచి మూడు మిల్లీమీటర్లది తీసి, రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తీరా వచ్చిన మనిషి పెట్టె వైపే చూడడే! 'పెట్టె తెరిచి చూడండి' అని తనే ఎలా అంటాడు? దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని.

"ఆగండాగండి, తొందరేముంది?" అని నాలుగు దవడల చక్ తీసి చూపించాడు. "దీనికి ఒక్కో దవడా విడిగా జరుగుతుంది. వంకర ముక్కనైనా పట్టేస్తుంది."

"అబ్బ! ఇలాంటిదాని కోసమే చూస్తున్నాను."

పొడవాటి కడ్డీ ఊగకుండా ఆపే స్టెడీ చూపించాడు. గడియారాల మనిషి దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో అందుకున్నాడు. చూపించేకొద్దీ అతనికి మోజు పెరుగుతోంది. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని టర్నర్‌కి అర్థమైంది.

భార్య టీ తెచ్చింది.

"మీకు బెంగగా ఉంటుందేమోనమ్మా, ఇన్నేళ్ళ వస్తువు," అన్నాడు వచ్చినతను.

"నాకేం బెంగ అన్నయ్యగారూ! ఆ రజను ఊడ్చి ఊడ్చి నా నడుం పోయింది. ఆ కొలెట్లకి వారం వారం నూనె రాసి సర్దేదీ నేనే. మూడు నెలల నుంచి ఈయనేమో అన్నం కూడా సరిగ్గా తినకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నారు. పీడా పోతే ఇద్దరికీ హాయి."

ఆ మాట టర్నర్‌కి సూటిగా తగిలింది. నిజంగానే కంట్లోంచి నీరు కారింది.

"చూడండి, మళ్ళీ కన్ను కారుతోంది. రుమాలు తీసి తుడుచుకోండి."

చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. చొక్కా చేతితో తుడిచేసుకున్నాడు.

"జేబులో రుమాలు కనిపిస్తూంటే చొక్కాతో తుడుచుకోవడమేంటండీ?"

"మాసిపోయిందిలేవే."

ఆవిడ ఒక్క క్షణం ఆయన జేబు వైపు చూసింది. ఆవిడ మొహం తిప్పేసుకుంది.

"అన్నయ్యగారూ, కొలెట్ల పెట్టె తెరిచి చూశారా?"

"మేస్త్రి సామాను! చూసేదేముందమ్మా?"

"అలా కుదరదు. ఒక్కటి తగ్గినా వద్దని మీరేగా అన్నారు? రేపు మాకు మాట రాకూడదు. తెరిచి లెక్కపెట్టుకోండి."

టర్నర్‌కి గుండె కుదుటపడింది. వెంటనే సిగ్గూ వేసింది. ఇంత నిక్కచ్చి మనిషి కళ్ళలో దుమ్ము కొడుతున్నానే అనుకున్నాడు. రుమాలు తీసి బల్లమీద పెట్టేద్దామా అని కూడా అనిపించింది, కానీ చెయ్యి రాలేదు.

గడియారాల మనిషి పెట్టె తెరిచి వేలితో గూళ్ళు తడుముకుంటూ వెళ్ళాడు. "ఒకటి... ఒకటిన్నర... రెండు... రెండున్నర..." వేలు ఆగింది. "మూడుది లేదే!"

"సరిగ్గా చూడండి," అంది ఆవిడ.

"లేదమ్మా. ఖాళీగా ఉంది."

"అయ్యో, ఎక్కడ పడిపోయిందో ఏమో! పాపం, మీరు వద్దనుకుంటే మేమేం అనుకోంలెండి," అన్నాడు టర్నర్, బాధ తెచ్చిపెట్టుకుని.

గడియారాల మనిషి లేత్ వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు, మళ్ళీ లేత్ వైపు చూశాడు. "పోన్లెండి మేస్త్రీ. ఒక్కటేగా! ఎవరిచేతైనా చేయించుకుంటాను. ఇంత మంచి సరుకు ఒక్కదాని కోసం వదులుకుంటానా?"

టర్నర్ బల్ల అంచు పట్టుకున్నాడు. అంతా అయిపోయింది.

వేలు మళ్ళీ కదిలింది. "మూడున్నర... నాలుగు... నాలుగున్నర..." అతని మొహం మారిపోయింది. "అయిదుదీ లేదు! మేస్త్రీ, నా పని సగం అయిదు మీదే నడుస్తుంది. ఒకటైతే సర్దుకుంటాను గానీ, రెండు లేకపోతే నాకు కుదరదు. ఏమనుకోకండి." ఫోను జేబులో పెట్టేసుకుని లేచాడు.

"ఏం చేస్తాం అన్నయ్యగారూ, ఈయనకి సామాను మీద శ్రద్ధ ఉంటేగా!" అంటూ ఆవిడ లేత్ మీద గుడ్డ కప్పేసింది.

టర్నర్ రుమాలు తడిమి చూసుకున్నాడు.

ఆయన దాచింది ఒక్కటే.