మడత

"బెల్టు ఆపక్కా!"

మేస్త్రమ్మ స్విచ్చి నొక్కింది. పాత బట్టల్ని చీల్చి, కొత్త ఇళ్ల గోడల్లో వేడి దూరకుండా కూరే దూదిగా మార్చే మిల్లు అది. బెల్టు మీద వచ్చే బట్టలు యంత్రంలో పడేముందు వాటి గుండీలు కోసెయ్యడం ఆ కేకేసినామె పని.

"ఏమైందే?"

"ఇది మా ఆయన చొక్కా. ఆయన పోయాక నేనే ఇచ్చేశాను, మూడేళ్లయింది. ఈ గుండీ ఎర్రదారంతో కుట్టింది నేనే."

"అయితే తీసుకెళ్లి దాచుకో. నేను చూళ్లేదనుకో."

ఆమె చొక్కా విప్పి పరిచింది. ఆయన నాలుగుసార్లు కూడా తొడగలేదు. ఇప్పుడు మోచేతులు అరిగిపోయాయి, కాలరు తిరగేసి కుట్టారు. తన గుండీ కింద ఇంకో గుండీ. దానికీ ఎర్రదారమే. జత కలవాలని ఎవరో వెతికి మరీ కుట్టారు.

"ఎవరో కరువుతీరా తొడిగారక్కా," అంది నవ్వుతూ.

మేస్త్రమ్మ నవ్వలేదు. "మూటలో ఎలా ఉంది? నలిగి ఉందా?" అంది మెల్లగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. బెల్టు దగ్గర నిలబడే వాళ్లందరికీ తెలిసిన సంగతే. బతికున్నవాళ్ల పాతబట్టలు ఉండచుట్టి వస్తాయి. పోయినవాళ్లవైతేనే ఎవరో ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపుతారు. మూడేళ్ల కిందట తను పంపినట్టే.

చొక్కా మీద ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు.

ఆమె కత్తెర తీసుకుంది. ముందు తనలాంటి ఆవిడెవరో కుట్టిన గుండీని దారంతో సహా కోసి జేబులో వేసుకుంది. తర్వాత తనది.

"బెల్టు వెయ్యక్కా," అంది.